పెరటి బండలు, పెరటి వెలుగు

పెరడు బాగుచేయించడమంటే మా ప్రాంతంలో ఇప్పుడు ఒకటే అర్థం స్థిరపడిపోయింది. ఉన్న బండలను గడ్డపారలతో లేపి, ట్రాక్టరుకెత్తి, ఊరి బయట పోయించడం. వాటి చోట ఎరుపూ పసుపూ రంగుల సిమెంటు పేవర్లు పరిపించడం. ప్రహరీగోడ మీద తెల్లని ఫ్లడ్ లైట్లు బిగించి రాత్రిని పట్టపగలు చేయడం. మా మహమ్మద్ నగర్‌లో గాని, బాన్సువాడలో గాని, చేతిలో కాస్త డబ్బు ఆడుతున్నవారి ఇళ్ళలో ఈ మూడు పనులూ వరుసగా జరుగుతున్నాయి. వీటిలో మొదటిదీ చివరిదీ రెండూ అనవసరమని నా అభిప్రాయం. నడిమిదానికి కొంత మినహాయింపు ఇవ్వవలసి ఉంది; ఆ సంగతి తరువాత.

తెలుగు పండితునికి తాపీపనితో ఏమి పని అని బ్లాగ్మిత్రులు నవ్వుకోవచ్చు. గచ్చు అనే మాట పారసీకం నుండి వచ్చిందని ముప్పై యేళ్ళు పిల్లలకు చెప్పినవాణ్ణి. గచ్చును గురించి కూడా నాలుగు మాటలు చెప్పే హక్కు నాకుందని అనుకొంటున్నాను. మా వైపు నేల మీద పరచే రాతి పలకను ఫర్షీబండ అంటారు. ఈ ఫర్షీకి మన 'పరచు' ధాతువుతో చుట్టరికం ఉందని తరగతిలో ఒక బుద్ధిమంతుడు వాదించాడు. ధ్వనిసామ్యమే గాని చుట్టరికం లేదు. 'ఫర్ష్' అరబ్బీ మాట. పారసీకం, ఉర్దూల మీదుగా నిజాం రాజ్యంలో మన ఇళ్ళలోకి వచ్చింది. మాట వచ్చిన దారి అది. బండ వచ్చిన దారి ఇంకా బాగుంటుంది.

మా పెరట్లో ఉన్నవి తాండూరు బండలు. 1978లో మా నాయన పరిపించాడు. రెండడుగుల చదరం, అంగుళంన్నర మందం, మొత్తం అరవైనాలుగు. ఒక్కొక్కటి ముప్పైఅయిదు కిలోలకు తక్కువ తూగదు. తాండూరు ఇప్పుడు వికారాబాదు జిల్లాలో ఉంది. దానికి పడమర, కర్ణాటకలోని కలబురగి జిల్లాలో షాబాదు ఉంది. 1956 దాకా రెండూ హైదరాబాదు రాజ్యంలోనివే. భీమానది పరీవాహకంలోని ఒకే సున్నపురాతి పొరల నుండి రెండు ఊళ్ళ బండలూ వస్తాయి. 1874లో వాడి నుండి సికింద్రాబాదుకు వేసిన రైలుమార్గం తాండూరు మీదుగానే పోతుంది. మా జిల్లాలో చాలామంది ఏ ఊరి బండనైనా షాబాదు బండ అనే అంటారు. ఊరి పేరు వస్తువు పేరుగా మారడం భాషలో కొత్త కాదు.

భూమి మీద గడ్డిపోచ మొలవక ముందెన్నో కోట్ల యేళ్ళ క్రితం సముద్రపు అడుగున పొరలు పొరలుగా పేరుకొన్న సున్నపు బురద ఈ రాయి. అందుకే పుస్తకంలో పుటల వలె విడిపోతుంది. గ్రానైటును కోయడానికి పడే పాట్లు దీనికి అక్కరలేదు. పొర కనిపెట్టి చీలలు దిగగొడితే పలకగా లేచి వస్తుంది. సిమెంటుకు ముడిసరుకు కూడా ఈ సున్నపురాయే. షాబాదు, వాడి, తాండూరు ప్రాంతాల్లో సిమెంటు కర్మాగారాలు వెలిసింది అందుకే. ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. రాతిని తవ్వి, పొడిచేసి, 1,450 డిగ్రీల వేడిలో కాల్చి సిమెంటు చేస్తున్నాము. ఆ సిమెంటుతో పేవరు పోసి, దానికి రాతిరంగు కలుపుతున్నాము. దాన్ని పరచడానికి చోటు కావాలని, అచ్చమైన రాతిని లేపి పారవేస్తున్నాము! మనుషులు గాలిలోకి వదిలే బొగ్గుపులుసు వాయువులో సుమారు 7, 8 శాతం సిమెంటు తయారీ వల్లనే వస్తున్నదని లెక్కలు చెబుతున్నాయి. మా పెరటి అరవైనాలుగు బండలతో ఆ లెక్క మారదని నాకు తెలుసు. ఉన్న వస్తువును పారవేసి దాని నకలును కొనడం మాత్రం ఏ లెక్కలో చూసినా తెలివితక్కువ పనే.

ఇంత ఇదిగా రాయడానికి కారణం ఉంది. 2025 ఆగస్టు 27న, వినాయక చవితి నాడు, కామారెడ్డి జిల్లా మీద ఆకాశం చిల్లుపడ్డట్టు వాన కురిసింది. రాజంపేట మండలం అర్గొండలో ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు పైగా నమోదైంది. నిజాంసాగరు గేట్లు ఎత్తారు, మంజీర ఒడ్డు పొలాలు మునిగాయి. పంటలు పోయినవారి బాధ ముందు మా పెరటి బాధ చెప్పుకోదగినది కాదు. కాని ఆ వానల తరువాత రెండు వారాలకు, ఒక రాత్రి ఎనిమిది గంటలవేళ, మా శ్రీమతి తులసిగద్దె దగ్గరి నుండి తిరిగి వస్తూ పాచి పట్టిన బండ మీద జారిపడింది. ఎముక విరగలేదు; మోకాలు నాలుగు వారాలు మంచానికి అంకితమైంది. హైదరాబాదు నుండి మా అబ్బాయి ఫోను చేసి, "నాన్నా, ఆ పాతబండలు మొత్తం తీయించెయ్యండి. డబ్బు నేను పంపుతా. అమ్మ కంటే బండలు ఎక్కువా?" అన్నాడు. ఆ ప్రశ్నకు జవాబు లేదు. అమ్మ కంటే ఏదీ ఎక్కువ కాదు. అయితే ఆమెను పడవేసింది బండేనా అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు వెదకవలసి వచ్చింది.

వెదికితే తేలినవి రెండు. మొదటిది: బండల కింది మట్టి ఏళ్ళ తరబడి వానలకు కుంగి, నడిమి బండలు తొట్టివలె దిగాయి. నీరు అక్కడే నిలుస్తున్నది. నిలిచిన నీటికి పాచి, పాచికి జారుడు. రెండవది నేను ఆ చోటున రాత్రిపూట నాలుగుసార్లు నడిచి చూస్తే గాని బోధపడలేదు. వెనుక తలుపు పైన ఏభై వాట్ల ఫ్లడ్ లైటు ఒకటి ఉండేది, మా అబ్బాయి ప్రేమతో బిగించి వెళ్ళినది. ఇంట్లో నుండి తులసి దగ్గరికి పోతుంటే వెలుగు వెనుక నుండి పడుతుంది. మన నీడ మన పాదాల ముందే పరుచుకొని, అడుగు వేయవలసిన బండనే కప్పేస్తుంది. తిరిగి వస్తుంటే ఆ లైటు సూటిగా కళ్ళలో పొడుస్తుంది. కింద ఏముందో కనిపించదు. పోయేటప్పుడు నీడ, వచ్చేటప్పుడు మిరుమిట్లు. వెలుగు ఎక్కువై కనిపించకపోవడం అంటే ఇదే. ఈ స్థితిలో పాలరాయి పరచినా పడవలసిన మనిషి పడుతుంది.

మొదట పిలిచిన గుత్తేదారు యువకుడు టేపు తీయకముందే ధర చెప్పాడు. ఫోనులో బొమ్మలు చూపాడు. ఏ ఊరి పెరడో తెలియదు, అన్నీ ఒకే పోలికలో ఉన్నాయి. పాతబండలే శుభ్రం చేయడం కుదరదా అంటే, "యాసిడ్ కొడితే తెల్లగైతయి సారూ, కని గివన్నీ ఎందుకు?" అన్నాడు. యాసిడ్ మాట దగ్గర మిత్రులందరినీ హెచ్చరిస్తున్నాను. తాండూరు, షాబాదు, కడప బండలు అన్నీ సున్నపురాళ్ళే. వాటి మీద యాసిడ్ పడితే బుసబుస నురుగు వస్తుంది. ఆ నురుగు మురికి పోతున్న గుర్తు కాదు, రాయి కరిగిపోతున్న గుర్తు. పైపొర పోయి గరుకు తేలి, ఆ గరుకులో మరుసటి యేడు పాచి ఇంకా గట్టిగా పాతుకొంటుంది. చింతపండు పులుసు, నిమ్మరసం కూడా ఈ రాతికి మచ్చ వేస్తాయని వంటింటి బండ ఉన్న ప్రతి ఇల్లాలికీ తెలుసు. తెలియనిది అమ్మేవాళ్ళకే.

తరువాత దొరికినవాడు మా పక్క ఊరి వృద్ధ మేస్త్రీ. నా వయసే ఉంటుంది. ఒక బండను గడ్డపారతో ఇంత ఎత్తి, కిందికి వంగి చూసి, "బండకు ఏం గాలె సారూ. కింద మన్ను కుంగింది. గీ బండ కింది మొకం సూసిన్రా? అది ఇంక ఎండ సూడనేలేదు," అన్నాడు.

"అట్లయితే తిరగవేద్దామా మేస్త్రీ?" అని అడిగాను.

"పగలనియి తిరగేద్దాం. పగిలినయి మీ చెట్లకు పాదులు కడదాం."

నేను ఇన్నేళ్ళ పాఠాలలో వాడిన ఉత్ప్రేక్షలన్నీ ఆ 'కింది మొకం' ముందు వెలవెలబోయాయి.

పని పన్నెండు రోజులు పట్టింది. అరవైనాలుగింటిలో ఎనిమిది పగిలి ఉన్నాయి. తక్కిన ఏభైఆరింటికి అడుగున అంటుకొన్న పాత సున్నాన్ని ఉలితో గీకి, నీళ్ళు పోసి, బ్రష్షుతో తోమారు. కింది మట్టిని తీసి, మొరం పోసి, తడిపి దిమ్మిస కొట్టారు. దాని మీద రెండంగుళాల రాతిపొడి. వాలు ఎనిమిది అడుగులకు ఒక అంగుళం చొప్పున, గోడకు దూరంగా, చెట్ల వైపుకు. ఈ వాలు సంగతి గట్టిగా పట్టుకోండి. పెరటి పనిలో సగం విద్య ఇదే. బండ మీద మెరుగుకు పెట్టిన శ్రద్ధలో పదోవంతు వాలుకు పెడితే పాచి సమస్య ఉండదు.

మెరుగు సంగతి కూడా చెప్పాలి. లోపలి గదులలోనైతే ముతక సానరాయి నుండి సన్నరాయి దాకా వరుసగా పట్టించి, ముఖం కనిపించేంత నునుపు తెస్తారు. బయట నేలకు అది పనికిరాదు. మిషనుకు 60 నంబరు రాయి, తరువాత 120 నంబరు రాయి పట్టించి అక్కడితో ఆపించాను. ఎగుడుదిగుళ్ళు పోయాయి, పాదానికి పట్టు మిగిలింది. తడిబండ మీద చేత్తో రాస్తే కుంచెడు బియ్యంలో చెయ్యి పెట్టినట్టుగా ఉంటుంది. మిషను పట్టినవాడు "ఇంకో రెండు రాళ్ళు పట్టిస్తే అద్దం లెక్క ఐతది" అని రెండు మూడుసార్లు అన్నాడు. అద్దం గోడకు ఉంది, నేలకు వద్దన్నాను.

సందులలో సిమెంటు పెట్టించలేదు, ఇసుక నింపించాను. 300 చదరపు అడుగుల పెరటి మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే దాదాపు 280 లీటర్ల నీరు. సందులన్నీ సిమెంటుతో బిగిస్తే అంత నీరూ మోరీలోకి పోవలసిందే. ఇసుక సందులైతే కొంత అక్కడే ఇంకుతుంది. తక్కినది వాలు వెంట పోయి పారిజాతం, కరివేపాకు, అరటి పాదుల్లోకి చేరుతుంది. వీధిలో సీసీ రోడ్డు, ఇంటి ముందు సిమెంటు, ఇంటి వెనుక సిమెంటు అయినాక వాన పడి వెళ్ళవలసిన చోటు ఎక్కడ? చవితి నాటి వానలో మా వీధి నడుంలోతు కాలువ కావడానికి పై నుండి పడ్డ నీటితో పాటు ఇంకని నేలకూ వాటా ఉందనే నా నమ్మకం.

పేవర్ల విషయంలో మినహాయింపు ఇస్తానన్నాను. నిజం చెప్పాలంటే పేవరు చెడ్డ వస్తువు కాదు. బండలు లేనిచోట, బండి తిరిగేచోట, అది మంచి ఉపాయం. పైపు వేయాలంటే లేపి మళ్ళీ పరచుకోవచ్చు. ఇసుక మీద సరిగా పరిస్తే దాని సందుల్లోనూ నీరు ఇంకుతుంది. భారతీయ ప్రమాణాల సంస్థ వీటికి మందమూ గట్టిదనమూ నిర్ణయించింది. నడకకు 50 మిల్లీమీటర్లు, తేలికపాటి బండ్లకు 60 మిల్లీమీటర్లు. చిక్కంతా పరచడంలో ఉంది. మా వైపు చాలాచోట్ల దిమ్మిస కొట్టకుండానే పరుస్తున్నారు. ఆ పైన సందుల మీద సిమెంటు పాలు పోసి దాని సుగుణమంతా పాడుచేస్తున్నారు. రెండు వానాకాలాలకు దాని రంగు వెలిసిపోతుంది. బండకు ఆ భయం లేదు. దాని రంగు అరిగేకొద్దీ లోపలి నుండి వస్తూనే ఉంటుంది.

ఇక వెలుగు. పాత రోజుల్లో మా పెరట్లో కందీలు ఒకటి వేపకొమ్మకు వేలాడేది. గద్దె దగ్గర గూటిలో ప్రమిద. కార్తికంలో ఆకాశదీపం. అన్నీ కలిపినా ఒక చిన్న బుగ్గ పాటి వెలుగు లేదు. ఆ కందీలు కిందనే పదో తరగతి పిల్లలు ఛందస్సు చదువుకొన్నారు. మళ్ళీ ఆ కాలానికి పోదామనే ఛాదస్తం నాకు లేదు. మాది వరిపొలాల నడుమ ఊరు. కట్లపాము రాత్రిపూటే తిరుగుతుంది. పెద్దవయసులో కళ్ళు మసకేస్తాయి. పెరట్లో వెలుగు ఉండి తీరవలసిందే. ఎంత, ఎక్కడ, ఏ రంగు అన్నవే ప్రశ్నలు.

నేను పెట్టించినవి అయిదు దీపాలు, ఒక్కొక్కటి మూడు వాట్లు. అన్నీ మోకాలెత్తు స్తంభాలకు, తల మీద టోపీ ఉన్నవి. వెలుగు నేల మీదికే పడుతుంది, కంటికి బల్బు కనిపించదు. దారికి ఒక పక్కగా పెట్టించాను గనుక నీడ కూడా పక్కకే పోతుంది. రంగు 2,700 కెల్విన్లు, అంటే నూనెదీపపు పసుపుకు దగ్గర. బజారులో అడిగితే అందరూ 6,500 కెల్విన్ల తెల్లదీపమే చేతిలో పెడతారు. పసుపురంగుది అడిగితే పాతకాలపువాడన్నట్టు చూస్తారు. ఆ తెలుపులో నీలం పాలు ఎక్కువ. పురుగులకు అదే ఇష్టం. తొలకరి వానల తరువాత తెల్లలైటు కింద ఉసిళ్ళ కుప్పలు చూడనివారు లేరు. వెలుగుకు పురుగులు, పురుగులకు కప్పలు, కప్పలకు పాములు. పాముల భయంతో పెట్టిన లైటే వాటికి అన్నదాన సత్రం తెరిచినట్టవుతుంది.

ఖర్చు లెక్క కూడా వేసి చూశాను. అయిదు దీపాలు రోజూ నాలుగు గంటలు వెలిగితే నెలకు రెండు యూనిట్లు కావు. ఏభై వాట్ల ఫ్లడ్ లైటు సాయంత్రం నుండి తెల్లవారేదాకా పన్నెండు గంటలు వెలిగితే పద్దెనిమిది యూనిట్లు. స్నానాల గది దగ్గర మాత్రం మనిషి కదిలితే వెలిగి, రెండు నిముషాలకు ఆరిపోయే దీపం ఒకటి వేరుగా పెట్టించాను; అర్ధరాత్రి లేచేవారికి అది చాలు. తడి తగిలే చోటు కనుక దీపాల మీద ఐపీ 65 అనే గుర్తు చూసి కొనండి. దుమ్ము చొరబడదని ఆరు, నీటి చిమ్మును తట్టుకొంటుందని అయిదు. తీగలు పైపులో వేయించండి. ఎర్తింగు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకుండా పెరట్లోకి కరెంటు తేవద్దు. వానాకాలంలో తడిచేతులతో స్విచ్చు ముట్టుకొనే ఇళ్ళు మనవి.

ఇవన్నీ ప్రాణరక్షణకూ పొదుపుకూ సంబంధించినవి. నా అసలు పక్షపాతం వేరే ఉంది, దాచను. 2016లో వెలువడిన ప్రపంచ రాత్రి ఆకాశపు పటం ప్రకారం లోకంలో నూటికి ఎనభైమందికి పైగా కృత్రిమకాంతితో మాసిన ఆకాశం కిందనే బతుకుతున్నారు. మూడోవంతు మందికి పాలపుంత కనిపించదు. పెళ్ళిపందిట్లో పురోహితుడు అరుంధతిని చూపిస్తాడు, వధూవరులు హాలోజన్ లైట్లకేసి చూసి తల ఊపుతారు. సప్తర్షులను, పిల్లలకోడిని చూపకుండా ప్రబంధాలలోని రాత్రి వర్ణనలు పాఠం చెప్పడమంటే, మామిడిపండు బొమ్మ గీసి రుచి చెప్పడం వంటిది. నిజాంసాగరు కాలువల కింద ఉన్న మా ఊళ్ళలో ఆకాశం ఇంకా పూర్తిగా మాయలేదు. ఫ్లడ్ లైటు తీసివేసిన మొదటి అమావాస్య రాత్రి మా ఎనిమిదేళ్ళ మనవరాలు కృత్తికలను లెక్కపెట్టి ఆరు అంది. నాకు ఒక మసక మచ్చ మాత్రమే కనిపించింది. ఆమె చెప్పినదే సరైనదని ఒప్పుకొన్నాను. పక్క ఇంటివారి లైటు మా గోడ దాటి సగం ఆకాశాన్ని ఇప్పటికీ తింటున్నది. అడిగితే ఏమనుకొంటారోనని నెల రోజులు ఆలోచించి, చివరకు ఒక టోపీ దీపం కొని వారికి సంక్రాంతి కానుకగా ఇచ్చాను. ఇంకా బిగించలేదు.

మా అబ్బాయి వచ్చి చూశాడు. బండలు బాగున్నాయన్నాడు, వెలుగు చాలదన్నాడు. వాళ్ళమ్మ మాత్రం కర్ర లేకుండా తులసి దాకా వెళ్ళి వస్తున్నది. మొదటి వారం నేను వెనుకే నడిచాను, తరువాత వద్దంది. ఖర్చు పేవర్లకు చెప్పిన దానిలో సగమైంది, అందులో ముప్పాతిక కూలీ. ఆ డబ్బు ఈ ఊళ్ళ చేతుల్లోకే పోయింది గనుక ఎక్కువనిపించలేదు. బాధ ఒక్కటే; ఉలితో బండ అంచు దిద్దడం మేస్త్రీ దగ్గర నేర్చుకొంటున్నవాడు ఎవడూ లేడు. అతని కొడుకు బాన్సువాడలో టైల్స్ పని చేస్తాడట.

పగిలిన ఎనిమిది బండల్లో అయిదు పాదులకు సరిపోయాయి. మూడు మిగిలాయి. బేతంచెర్ల, కడప బండల ఇళ్ళలో ఉన్న మిత్రులు ఎవరైనా, ఇసుక సందుల్లో గడ్డి మొలిస్తే మందు కొట్టకుండా ఏమి చేస్తున్నారో ఇక్కడ రాయగలరు. మా శ్రీమతి వేడి గంజి పోయమంటున్నది. బియ్యపు పిండికి చీమలు చేరుతాయని నా సందేహం.